ముదురు రంగు ఆకుల, పూల వాల్‌పేపర్‌తో గదిని అలంకరించుకోవడం ఎలా?

నల్లటి నేపథ్యం మీద విచ్చుకున్న పూలు, చీకటి అడవిలా ఒకదాని మీద ఒకటి వాలిన ఆకులు, మధ్యలో ఎక్కడో తొంగిచూసే పిట్ట. ఇలాంటి వాల్‌పేపర్ ఫోన్‌లో చూస్తే మతిపోతుంది. అదే కాగితం మన గోడకు ఎక్కాక చాలామంది ఉసూరుమంటారు. గది ఇరుకైపోయిందని, గోడకు మసి పట్టినట్టుందని అంటారు. తప్పంతా కాగితం మీదికి నెట్టేస్తారు. ఎక్కువసార్లు అసలు తప్పు నెత్తిమీద వెలిగే తెల్ల ట్యూబ్‌లైటుది. ఫోన్‌లో మీరు చూసిన ఫొటో పసుపుపచ్చని దీపాల వెలుగులో తీసింది. మీ గదిలో ఆ వెలుగు లేదు.

కాబట్టి ముందు లైటు, తర్వాత గోడ, ఆ తర్వాతే కాగితం. షాపులో రోల్ చూసి మనసు పారేసుకున్నాక ఈ వరస పాటించడం కష్టం. ఇంకా కొనకపోతే మీది అదృష్టమే.

ఏ గదికి, ఏ గోడకు

సాయంత్రం దీపాలు పెట్టాక ఎక్కువసేపు గడిపే గదికి ఇది బాగా నప్పుతుంది. బెడ్‌రూమ్, చదువుకునే గది, డైనింగ్ టేబుల్ పక్క గోడ బాగుంటాయి. వంటగదికి మాత్రం వద్దంటాను. పోపు జిడ్డు మెరుపు లేని (మాట్) కాగితం మీద పడితే వదలదు, ముదురు రంగు మీద ఆ మరక మెరుస్తూ కనిపిస్తుంది. 

గది అనుకున్నాక గోడ చూసుకోండి. కిటికీ ఉన్న గోడ వదిలేయండి. పగలు బయటి వెలుతురు కళ్లలో పడుతుంటే దాని చుట్టూ ఉన్న ముదురు కాగితం గుడ్డి నలుపుగా కనిపిస్తుంది, అందులో ఆకులున్నాయని కూడా తెలియదు. కిటికీకి పక్కగా ఉన్న గోడ అన్నిటికంటే మంచిది. వెలుతురు ఏటవాలుగా పడి రంగులు విడివిడిగా తెలుస్తాయి. పడమటి ఎండ నేరుగా పడే గోడ అయితే నాలుగైదు వేసవుల్లో రంగు వెలిసే ప్రమాదం ఉంది.

ఏసీ లేని గోడ దొరికితే ఇంకా మంచిది. ముదురు అడవి నడుమ తెల్లటి స్ప్లిట్ ఏసీ వేలాడుతుంటే గదిలోకి వచ్చినవాళ్లు ముందు దాన్నే చూస్తారు. టీవీ గోడ సంగతి దీనికి తలకిందులు. టీవీ ఆపినప్పుడు కనిపించే నల్లటి పలక తెల్ల గోడ మీద కొట్టొచ్చినట్టుంటుంది, ముదురు ఆకుల్లో కలిసిపోతుంది. దాని వెనక నీలం రంగు ఎల్‌ఈడీ పట్టీ మాత్రం పెట్టించకండి.

ఇంట్లో పెద్దవాళ్లుంటే "గోడలకు నలుపేంటి?" అన్న మాట ఖాయంగా వస్తుంది. వాదన అనవసరం. నలుపు నేపథ్యం బదులు చిక్కటి ఆకుపచ్చో, రాత్రి ఆకాశపు నీలమో, వంగపండు రంగో తీసుకోండి. రాత్రి దీపం వెలుగులో వీటికీ నలుపుకూ పెద్ద తేడా తెలియదు, పగలు నలుపుకంటే ఇవే అందంగా ఉంటాయి.

నెమ్ము పరీక్ష

ఇది తప్పించుకోవద్దు. అపార్ట్‌మెంట్లలో వాల్‌పేపర్ పాడవడానికి పెద్ద కారణం గోడలో నెమ్ము. అటాచ్డ్ బాత్రూమ్‌కు ఇటువైపున్న గోడ, వాన జల్లు కొట్టే బయటి గోడ, పై అంతస్తులో స్లాబుకు ఆనుకున్న భాగం, కింది అంతస్తులో నేల నుంచి రెండడుగుల ఎత్తు వరకు ఉన్న భాగం, వీటి మీద అనుమానం ఉండాల్సిందే.

పరీక్ష తేలిక. అడుగు పొడవు, అడుగు వెడల్పు ఉన్న పారదర్శక ప్లాస్టిక్ కవరు ముక్కను గోడకు ఆనించి, నాలుగు అంచులకూ గాలి దూరకుండా టేపు వేయండి. ఒక పగలూ రాత్రీ అలాగే వదిలి చూడండి. కవరు లోపలివైపు నీటి బిందువులు పట్టినా, కింద గోడ రంగు ముదిరినా ఆ గోడకు కాగితం పనికిరాదు. ముందు లీకేజీ ఎక్కడిదో చూసి బాగుచేయించాలి. మీద వాటర్‌ప్రూఫ్ పెయింటు కొట్టి కప్పేస్తే తడి ఎక్కడికీ పోదు, పక్కనుంచి వస్తుంది. గోడ చేత్తో తడితే డొల్లగా మోగుతున్నా, తెల్లటి ఉప్పు పొడిలా రాలుతున్నా ఇదే మాట. కొత్త ఇల్లయితే ప్లాస్టరింగ్ పూర్తిగా ఆరేదాకా, కనీసం ఒక వానాకాలం గడిచేదాకా మామూలు రంగుతో సరిపెట్టుకోండి.

వాన సంగతి వచ్చింది కాబట్టి పని ఎప్పుడు పెట్టుకోవాలో కూడా చెబుతాను. హైదరాబాద్, వరంగల్ వైపు నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా చేసుకోవచ్చు. కోస్తాలో ఈశాన్య రుతుపవనాలు డిసెంబరు దాకా వదలవు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వాళ్లు సంక్రాంతి దాటాక మొదలుపెట్టడం మేలు. మే నెలలో జిగురు మరీ తొందరగా ఆరిపోయి అతుకుల దగ్గర కాగితం విడిపోతుంది.

లైటు మార్చండి

బల్బు డబ్బా మీద కెల్విన్ అని ఒక అంకె ఉంటుంది, వెలుగు పసుపా తెలుపా అన్నది అది చెబుతుంది. మన ఇళ్లలోని తెల్ల ట్యూబ్‌లైట్లు ఎక్కువగా 6500 కెల్విన్‌వి. ఆ నీలితెలుపు వెలుగులో ముదురు ఆకుపచ్చ బూడిద రంగులోకి దిగిపోతుంది, ఎరుపు గోధుమ రంగులా కనిపిస్తుంది. 2700 నుంచి 3000 కెల్విన్ మధ్య ఉన్నవి కొనండి. దానితో పాటు సీఆర్‌ఐ అనే అంకె చూడండి. వస్తువు అసలు రంగును ఆ వెలుగు ఎంత బాగా చూపిస్తుందో అది చెబుతుంది. 90, ఆ పైన ఉంటే ముదురు రంగుల్లోని ఛాయలు విడివిడిగా కనిపిస్తాయి. డబ్బా మీద సీఆర్‌ఐ వేయలేదంటే సాధారణంగా చెప్పుకోదగ్గంత లేదనే అనుకోవాలి.

ఒకే పెద్ద లైటు బదులు మూడు నాలుగు చిన్నవి పెట్టండి. మంచానికి అటూ ఇటూ రెండు, మూలన నిలబడే దీపం ఒకటి, గోడ మీదికి వెలుగు చిమ్మేది ఒకటి. ముదురు గోడ వెలుగును తాగేస్తుంది కాబట్టి వెలుగు గోడ మీద కొంత పడాలి, మన ముఖాల మీద కొంత పడాలి. వీలైతే వెలుగు పెంచి తగ్గించే డిమ్మర్ పెట్టించుకోండి. పాత ట్యూబ్‌లైటు పీకేయనక్కర్లేదు. ఇల్లు ఊడ్చేటప్పుడు, బీరువా సర్దేటప్పుడు అదే కావాలి. దానికి వేరే స్విచ్ ఉంటే చాలు.

ఎలక్ట్రీషియన్‌కు తప్పకుండా చెప్పాల్సిన సంగతి ఇంకొకటుంది. ఫాల్స్ సీలింగ్‌లో గోడకు ఆనుకుని ఎల్‌ఈడీ పట్టీ వేస్తే వెలుగు గోడను రాసుకుంటూ కిందికి దిగుతుంది. అప్పుడు లప్పం పెట్టిన వంకర్లు, కాగితం అతుకులు అన్నీ నీడలతో సహా బయటపడతాయి. సీలింగ్ లైటు గోడకు రెండడుగుల ఎడంగా ఉంటే వెలుగు గోడంతా మెత్తగా పరుచుకుంటుంది.

ఈ లైట్లు పెట్టాక ఒక వారం ఆ గదిలో ఉండి చూడండి. కొందరికి ఈ పసుపు వెలుగు అస్సలు పడదు, నిద్ర వస్తోందంటారు. అలాంటివాళ్లకు ముదురు వాల్‌పేపర్ కూడా పడదు. ఆ సంగతి కాగితం కొనకముందే తెలిస్తే డబ్బు మిగులుతుంది.

డిజైన్ ఎంచుకోవడం

షాపువాడు ముందు పెట్టే మందపాటి క్యాటలాగుల్లో వందల డిజైన్లుంటాయి. ముదురు తోటల్లో మాత్రం నాలుగైదు జాతులే.

మొదటిది డచ్ పూల చిత్రాల బాణీ. 17, 18 శతాబ్దాల్లో రేచల్ రూయిష్ లాంటి చిత్రకారులు నల్లటి నేపథ్యం మీద గులాబీలు, తులిప్‌లు, వాడిపోతున్న రేకులు, వాటి మీద పురుగులు వేసేవారు. ఈ రకం కాగితాల్లో పూలు గుమ్మడికాయంత పెద్దవిగా ఉంటాయి. అడ్డంకి లేని పెద్ద గోడ కావాలి. ఇందులో ఒక కిటుకుంది. బొమ్మలో పూల మీద వెలుగు ఎటునుంచి పడుతోందో చూడండి. చాలావాటిలో ఎడమవైపు నుంచి ఉంటుంది. మీ దీపం కూడా అటువైపే పెడితే పూలు గోడలోంచి బయటికొచ్చినట్టుంటాయి. ఎదురువైపు పెడితే ఏదో తేడాగా ఉందనిపిస్తుంది, ఎందుకో చెప్పలేం.

రెండోది ఇంగ్లండ్ డిజైనర్ విలియం మోరిస్ బాణీ. ఆయన 1875లో గీసిన అకాంథస్ డిజైన్ ఇప్పటికీ అచ్చవుతోంది. ఆకులు ఒకదాన్నొకటి చుట్టుకుంటూ గోడంతా అల్లుకుపోతాయి, ఖాళీ అన్నదే కనిపించదు. తలుపులు, అల్మారాలు, స్విచ్‌బోర్డులు అడ్డొచ్చే గోడలకు ఇది నయం. ఎక్కడ కోసినా డిజైన్ తెగినట్టు తెలియదు.

మూడోది అరటాకులు, తాటాకులు, కన్నాలు, చీలికలు ఉండే మాన్‌స్టెరా ఆకులు. అమెరికాలో ఇదంతా 1940ల నుంచి పెద్ద ఫ్యాషన్. బెవర్లీ హిల్స్ హోటల్ గోడల మీది అరటాకులే ఇందుకు బాగా పేరుపడ్డ నమూనా. పెరట్లో అరటిచెట్టు చూస్తూ పెరిగిన మనకు గోడమీది అరటాకు అంత అబ్బురం కాదు. పైగా మెరిసే ఆకుపచ్చ వాడితే రిసార్టు రిసెప్షన్‌లా తయారవుతుంది. ఈ జాతిలో నచ్చితే బూడిద, నీలం కలిసిన ఆకుపచ్చ తీసుకోండి.

నాలుగోది గోడంతా ఒకే దృశ్యంగా అచ్చు వేసి ఇచ్చే రకం. మీ గోడ కొలత ఇస్తే చదరపు అడుగు లెక్కన తయారుచేస్తారు. చెట్టు ఎక్కడ రావాలో, పిట్ట ఎక్కడ కూర్చోవాలో మీరే చెప్పొచ్చు. మంచం తలభాగం, సోఫా వీపు కొంత గోడను కప్పేస్తాయని గుర్తుపెట్టుకుని, బొమ్మలోని ముఖ్యమైన భాగం నేలకు మూడున్నర అడుగుల పైన వచ్చేలా అడగండి. అచ్చుకు పంపేముందు ఫైలును కంప్యూటర్‌లో అసలు సైజుకు పెంచి చూడండి. ఆకుల అంచులు మసకగా, గళ్లుగళ్లుగా కనిపిస్తే ఆ ఫైలు గోడకు సరిపోదు.

ఏ జాతి తీసుకున్నా బొమ్మ సైజు పెద్దదిగా ఉండటమే మంచిది. చిన్న గదికి చిన్న పూలు అనేది మనకు అలవాటైన లెక్క. ముదురు రంగుల్లో అది పనిచేయదు. ముదురు నేపథ్యం మీద చిన్నచిన్న పూలు దూరం నుంచి నలకల్లా కనిపిస్తాయి. పెద్ద ఆకులు, వాటి మధ్య లోతైన చీకటి ఉంటే గోడ వెనక్కి జరిగినట్టుంటుంది.

శాంపిల్ ముక్క తీసుకోకుండా రోల్స్ ఆర్డర్ చేయకండి. కనీసం అడుగు సైజుది కావాలి, దొరికితే ఇంకా పెద్దది. మీరు అనుకున్న గోడకే, నిలబడితే కళ్లెదురుగా వచ్చే ఎత్తులో అంటించి పొద్దున, మధ్యాహ్నం, రాత్రి దీపాలు పెట్టాక చూడండి. మెరుపున్న కాగితాలు షాపులో ఆకర్షిస్తాయి. ఇంట్లో మాత్రం ప్రతి బల్బూ అందులో చుక్కలా ప్రతిఫలిస్తుంది. మాట్‌దే తీసుకోండి.

రోల్ లేబుల్ మీద చిన్న గుర్తులుంటాయి. సూర్యుడి బొమ్మ ఎండకు రంగు ఎంత నిలుస్తుందో చెబుతుంది. నిండు సూర్యుడు మంచిది, సగం సూర్యుడు పరవాలేదు. అలల గుర్తులు ఎక్కువ ఉంటే తడిగుడ్డతో తుడవొచ్చని అర్థం. బాణాలు డిజైన్ ఎలా కలుస్తుందో చెబుతాయి. రెండు బాణాలు ఎదురెదురుగా ఉంటే పక్క పట్టీలో బొమ్మ అదే ఎత్తులో కలుస్తుంది, మెట్టులా పైకీ కిందికీ ఉంటే సగం జారి కలుస్తుంది. రెండోదానికి వృథా ఎక్కువ.

కాగితం వెనకభాగం కూడా అడగండి. నాన్‌వోవెన్ అనే రకం కాస్త ఖరీదైనా మనకు అనుకూలం. జిగురు గోడకే రాయొచ్చు, తడికి సాగదు, ఎప్పుడైనా తీసేయాలంటే పట్టీలుగా ఊడొస్తుంది.

ఎన్ని రోల్స్ కావాలి

ఇక్కడ చాలామంది చదరపు అడుగుల లెక్కతో దెబ్బతింటారు. మామూలు రోల్ 53 సెంటీమీటర్ల వెడల్పు, 10 మీటర్ల పొడవు ఉంటుంది, అంటే సుమారు 57 చదరపు అడుగులు. మీ గోడ 12 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు అనుకుందాం. వెడల్పు 366 సెంటీమీటర్లు, 53తో భాగిస్తే ఆరుకు పైన, కాబట్టి ఏడు పట్టీలు కావాలి. ఎత్తు 305 సెంటీమీటర్లు, పైనా కిందా కోతకు మరో 10 కలిపితే 315.

ఇప్పుడు డిజైన్ ఎన్ని సెంటీమీటర్లకు ఒకసారి తిరిగి వస్తుందో లేబుల్‌లో చూడండి. అది 64 అయితే ప్రతి పట్టీకి 315 దాటిన 64 గుణిజం, అంటే 320 సెంటీమీటర్లు లెక్కేసుకోవాలి. ఒక రోల్‌లో మూడు పట్టీలు వస్తాయి. ఏడు పట్టీలకు మూడు రోల్స్ చాలు.

అదే గోడ అర అడుగు ఎత్తు పెరిగి పదిన్నర అడుగులైతే? పట్టీ 330 అవుతుంది, ఐదు గుణిజాలు సరిపోవు, ఆరోదానికి వెళ్లాలి, 384. ఇప్పుడు రోల్‌లో రెండు పట్టీలే వస్తాయి. ఏడు పట్టీలకు నాలుగు రోల్స్ కావాలి. చదరపు అడుగుల లెక్కలో ఇది 126, మూడు రోల్స్‌తో అయిపోతుందనిపిస్తుంది. పని మధ్యలో కాగితం అయిపోయి మళ్లీ తెప్పిస్తే వేరే బ్యాచ్ వస్తుంది, రంగులో సన్నటి తేడా ఉంటుంది. ముదురు రంగులో ఆ తేడా గోడ మీద గీతలా తెలిసిపోతుంది. అందుకే అన్ని రోల్స్ మీదా బ్యాచ్ నంబరు ఒకటేనా అని షాపులోనే చూసుకోండి. లెక్కకు మించి ఒక రోల్ తీసుకుంటే ఇంకా నిశ్చింత. 

గోడను సిద్ధం చేయడం

మేకులు పీకి, పెచ్చులు గీకి, కన్నాలు, బీటలు లప్పంతో పూడ్చండి. ఆరాక సాండ్‌పేపర్‌తో రుద్ది, దుమ్ము పూర్తిగా తుడవాలి. గోడ మీద చేయి రాస్తే తెల్లటి పొడి అంటుతోందంటే అది సున్నమో పాత డిస్టెంపరో. గీకేయకుండా అతికిస్తే కాగితం ఆ పొడికే అతుక్కుంటుంది, గోడకు కాదు, కొన్నాళ్లకు పొడితో సహా ఊడొస్తుంది. ఆయిల్ పెయింట్ ఉన్న గోడనూ మెరుపు పోయేదాకా రుద్దాలి. ఆ తర్వాత ప్రైమర్ ఒక పూత వేసి, ఒకరోజు ఆరనివ్వండి.

ముదురు కాగితానికి మాత్రమే కావాల్సిన పని ఒకటుంది. చాలామంది పనివాళ్లు దీన్ని పట్టించుకోరు. కాగితం ఆరేటప్పుడు వెంట్రుకవాసి కుంచించుకుంటుంది. అతుకుల మధ్య తెల్ల గోడ సన్నటి గీతలా బయటపడుతుంది. లేతరంగు కాగితంలో ఎవరూ గమనించరు, ముదురుదాంట్లో గది అవతలి మూల నుంచీ కనిపిస్తుంది. అందుకని ప్రైమర్ ఆరాక, కాగితం నేపథ్యానికి దగ్గరగా ఉండే రంగు ఎమల్షన్‌ను గోడంతా ఒక పూత వేయించండి. అంత వద్దనుకుంటే అతుకులు వచ్చేచోట మూడంగుళాల పట్టీలుగానైనా వేయించండి. కాగితం అంచు తెల్లగా ఉంటే అదే రంగు పెన్సిల్‌ను అంచు వెంట మెల్లగా రాయొచ్చు.

అతికించడం

పనివాళ్లను పెట్టుకున్నా ఈ భాగం చదవండి, దగ్గరుండి చూసుకోవడానికి పనికొస్తుంది. బేరమాడేటప్పుడు కూలిలో జిగురు, పాత రంగు గీకడం, మిగిలిన చెత్త ఎత్తిపోయడం ఉన్నాయో లేదో ముందే తేల్చుకోండి.

మెయిన్ ఆపేసి స్విచ్‌బోర్డుల మూతలు విప్పండి. ఏసీ, ఫ్యాన్ ఆపాలి, కిటికీలు మూయాలి. గాలి తగిలి జిగురు గబగబా ఆరితే అతుకులు విడిపోతాయి. మైదా ఉడకబెట్టిన జిగురు వద్దే వద్దు. సినిమా పోస్టర్లకు సరిపోతుందేమో గానీ, పిండి జిగురుకు సిల్వర్‌ఫిష్ పురుగులు, బొద్దింకలు చేరతాయి. వాల్‌పేపర్ కోసమే అమ్మే, ఫంగస్ పట్టని జిగురు తెచ్చుకోండి.

మన గోడలు, మూలలు నిట్టనిలువుగా ఉంటాయని నమ్మకండి. దారం చివర బరువైన నట్టు కట్టి పైనుంచి వేలాడదీసి, దాని వెంట పెన్సిల్‌తో సన్నగా గీత గీయండి. మొదటి పట్టీ ఆ గీతకు ఆనాలి. మూలను నమ్ముకుని మొదలుపెడితే నాలుగో పట్టీకి పూలన్నీ ఒకవైపు ఒరిగిపోతాయి. పెద్ద పువ్వో, చెట్టు మానో ఉన్న డిజైన్ అయితే గోడ మధ్య నుంచి, మంచం మధ్యకు సరిగ్గా వచ్చేలా మొదలుపెట్టి రెండువైపులకూ వెళ్లాలి. దృశ్యంగా అచ్చేసిన రకంలో పట్టీలకు అంకెలు వేసి ఉంటాయి. ముందు అన్నిటినీ నేలమీద వరసగా పరిచి చూసుకోండి.

నాన్‌వోవెన్ అయితే పట్టీ వెడల్పు కన్నా కాస్త ఎక్కువ మేర గోడకు జిగురు రాసి, పైనుంచి కాగితం దించండి. పైన ఐదు సెంటీమీటర్లు, కింద ఐదు సెంటీమీటర్లు వదలాలి. ప్లాస్టిక్ పలకతో మధ్యలోంచి అంచులవైపు మెల్లగా తోస్తూ గాలి తీసేయండి. రెండో పట్టీని మొదటిదాని పక్కకు తోసి ఆనించాలి, లాగి సాగదీయకూడదు. సాగినది ఆరాక వెనక్కి పోతుంది. అతుకు మీద చిన్న రోలర్‌తో గట్టిగా రుద్దితే మాట్ కాగితం అక్కడ నున్నగా మెరిసిపోతుంది, మెత్తగా ఒకసారి తిప్పితే చాలు. 

అంచుల్లోంచి బయటికొచ్చిన జిగురును అప్పటికప్పుడు శుభ్రమైన తడి స్పాంజితో అద్దండి. ఆరనిస్తే ముదురు రంగు మీద నత్త పాకిన జాడలా మెరుస్తుంది, తర్వాత ఎంత తుడిచినా పోదు. కోతకు కట్టర్ బ్లేడు ప్రతి పట్టీకి కొత్త మొన విరిచి వాడండి. మొద్దు బ్లేడు తడి కాగితాన్ని చింపుతుంది, ఆ చిరుగులో తెల్లటి పీచు బయటపడుతుంది. గది లోపలి మూలలో ఒకే పట్టీని మడిచి అటువైపుకు తిప్పకండి. ఒక సెంటీమీటరు మాత్రం తిరిగేలా కోసి, పక్క గోడ పట్టీని దాని మీదికి వేయండి.

చిన్న బుడగలు కనిపిస్తే కంగారు పడకండి. ఆరాక చాలావరకు అవే పోతాయి. రెండు రోజులైనా ఉన్నవాటికి బ్లేడుతో చిన్న గాటు పెట్టి, సూదిలేని సిరంజితో జిగురు ఎక్కించి అదిమేయండి.

మిగతా గది

ఒక గోడ ముదురు అడవి, మిగతా మూడు పాలతెలుపు. ఇలా చేస్తే కాగితం గోడకు అంటించిన స్టిక్కర్‌లా విడిగా ఉండిపోతుంది. అందరూ చేసేది ఇదే, నాకు నచ్చనిదీ ఇదే. శాంపిల్ ముక్క పట్టుకుని పెయింట్ షాపుకు వెళ్లండి. చీరకు జాకెట్టు గుడ్డ వెతికినట్టు, అందులో అంచుల్లో దాక్కున్న రంగును పట్టుకోండి. పువ్వు రంగు తీసుకోవద్దు, ఆకు వెనకనున్న మసక రంగు తీసుకోండి. గంధం, చింతపిక్క, బూడిద కలిసిన ఆకుపచ్చ లాంటివి మూడు గోడలకూ బాగుంటాయి. సీలింగ్‌ను కూడా మెరిసే తెలుపు కాకుండా కొద్దిగా మీగడ రంగులోకి దించండి, లేకపోతే గోడ పైన గీత గీసినట్టు ఆగిపోతుంది. చాలా చిన్న గదైతే ధైర్యం చేసి నాలుగు గోడలకూ కాగితమే వేయొచ్చు. మూలలు కనిపించకపోతే గది ఎక్కడ ముగుస్తుందో కంటికి చిక్కదు.

తెల్ల స్విచ్ ప్లేట్లు మార్చేయండి. ఖర్చు తక్కువ, తేడా చాలా ఎక్కువ. నలుపు, ముదురు బూడిద రంగువి సులభంగా దొరుకుతాయి. టేకు తలుపులు, పాత రోజ్‌వుడ్ కుర్చీలు ఉంటే వాటికి ఇన్నాళ్లకు సరైన చోటు దొరికినట్టే, ముదురు ఆకుపచ్చ పక్కన కర్ర రంగు వెచ్చగా కనిపిస్తుంది. మెరిసే తెల్ల లామినేట్ వార్డ్‌రోబ్ ఉంటే కాగితాన్ని దాని ఎదుటి గోడకు వేయకండి, తలుపుల్లో ప్రతిఫలించి కళ్లు చెదురుతాయి. 

కర్టెన్లకు, దుప్పట్లకు డిజైన్ లేని బట్ట ఉండాలి. మంగళగిరి నేత ఇక్కడ భలే పనికొస్తుంది. ఒంటి రంగు బట్ట, సన్నటి అంచు, అంతే. పోచంపల్లి ఇక్కత్ వాడాలని ఉంటే ఒకే ఒక్క దిండుకు వాడండి. మన ఇళ్లలోని మీగడ రంగు టైల్స్ ఈ గదిలో మరీ తేలిపోయి కనిపిస్తాయి, వరంగల్ జంపఖానా ఒకటి పరిస్తే నేల కుదురుకుంటుంది. బుడితి, పెంబర్తి ఇత్తడి సామాను ఒకటి రెండు చాలు. దీపం వెలుగులో ముదురు గోడ ముందు ఇత్తడి మెరిసినట్టు ఇంకేదీ మెరవదు. గోడమీద ఫొటో ఫ్రేములు మాత్రం వద్దు. కుండీ మొక్కలూ తగ్గించండి, అచ్చు ఆకుల ముందు అసలు ఆకులు వెలవెలబోతాయి.

అద్దె ఇల్లయితే

వెనక జిగురు ఉండి నేరుగా అంటించే స్టిక్కర్ రకం నున్నటి ప్లాస్టిక్ ఎమల్షన్ మీదే నిలుస్తుంది. డిస్టెంపర్ మీదో, గరుకు టెక్స్‌చర్ మీదో అంటిస్తే వారంలో మూలలు లేస్తాయి. తీసేటప్పుడు రంగు పెచ్చులతో సహా వస్తే ఓనరుతో గొడవ.

ఆ స్టిక్కర్ కంటే, తేలికపాటి ప్లైవుడ్ పలకలకు కాగితం అతికించి, మంచం వెనక గోడకు ఆనించి నిలబెట్టడం మేలు. కలంకారీ బట్టను చెక్క ఫ్రేముకు బిగించినా అదే పని జరుగుతుంది. పెడనలో అచ్చులతో అద్దే ముదురు ఎరుపు, నీలం, నలుపు బట్టల్లో తీగలు, పూలు, నెమళ్లు కావాల్సినన్ని. ఇది సరిపెట్టుకోవడమేమీ కాదు. 17, 18 శతాబ్దాల్లో కోరమాండల్ తీరం నుంచి ఓడలెక్కిన మన పూల అద్దకాలను ఐరోపాలో సంపన్నులు మంచాలకు, గోడలకు వేలాడదీసుకునేవారు. వాటి దెబ్బకు తమ నేతగాళ్లు నష్టపోతున్నారని ఫ్రాన్స్ 1686లో నిషేధం పెట్టి 1759 దాకా ఎత్తలేదు. బట్ట కొనేటప్పుడు ఒకే తాను నుంచి కోయించుకోండి, వేర్వేరు తానుల్లో రంగు తేడా వస్తుంది. ఇల్లు మారితే ఫ్రేము మీతోపాటే వస్తుంది.

తర్వాతి సంరక్షణ

దుమ్మును పొడి మెత్తటి బ్రష్‌తో పైనుంచి కిందికి దులపండి. ముదురు కాగితం మీద దుమ్ము తొందరగా కనిపిస్తుంది, ముఖ్యంగా ఫ్యాన్ గాలి తగిలే పైభాగంలో. మంచం తలభాగాన్ని గోడకు రెండంగుళాల ఎడంగా ఉంచండి. తలనూనె మరకలు పడకుండా ఉంటాయి, వెనక గాలి ఆడుతుంది. మొదటి వానాకాలంలో నెలకోసారి మంచం జరిపి, గోడ అడుగు భాగం, మూలలు చేత్తో తాకి చూడండి. ముక్కిన వాసన వచ్చినా, అతుకు లేచినా అప్పుడే పట్టించుకుంటే మొత్తం పట్టీ పోదు.

మిగిలిన ముక్కలు పారేయకండి. చుట్టి, పైన బ్యాచ్ నంబరు, జిగురు పేరు రాసి అటక మీద పడుకోబెట్టి ఉంచండి. గోడకు ఎక్కడైనా చిరుగు పడితే ఆ ముక్కను కత్తెరతో కోయొద్దు, చేత్తో అంచులు పలచబడేలా చింపండి. అంచుకు అదే రంగు పెన్సిల్ రాసి డిజైన్ కలిపి అతికిస్తే, చింపిన అంచు ఆకుల మధ్య కలిసిపోతుంది.